కంటి నరం వాపు: స్టెరాయిడ్ ఎక్కించుకోవాలా, ఆగి చూడాలా?

"మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కిద్దామా, లేకపోతే మందేమీ లేకుండా ఆగి చూద్దామా? మీ విషయంలో రెండూ తప్పు కాదు" అని డాక్టర్ అడిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఎడమ కంటితో చూస్తే ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ, కన్ను పక్కకి తిప్పితే వెనకాల ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు నొప్పి. ఈ స్థితిలో ఆగి చూడటం కూడా ఒక వైద్యమేనా అని లోపల కోపం వచ్చింది. రెండూ తప్పు కాకపోతే దేన్ని బట్టి ఎంచుకోవాలో ఆ పది నిమిషాల్లో ఎవరూ చెప్పలేకపోయారు, నాకూ అడగడం చేతకాలేదు.

ఆ తర్వాత నెలల తరబడి చదివాను, కనపడిన డాక్టర్లందరినీ ప్రశ్నలతో విసిగించాను, రెండేళ్లకి మా అక్కకి (పెదనాన్న కూతురు) ఇదే పేరున్న జబ్బు పూర్తిగా వేరే రకంగా రావడం దగ్గరుండి చూశాను. ఇదంతా అయ్యాక నాకు తేలింది ఒకటే. మామూలు రకం కంటి నరం వాపులో స్టెరాయిడ్ మిగిల్చేది టైమ్ మాత్రమే, చూపు చాలామందికి దానంతటదే తిరిగొస్తుంది. మామూలుది కాని రకంలో మాత్రం పోయే ప్రతి రోజూ చూపులోంచే పోతుంది, అక్కడ ఆగి చూడటం అనే మాటే ఉండకూడదు. అందుకే స్టెరాయిడ్ కావాలా వద్దా అని తల పట్టుకునే ముందు, మీది ఏ రకమో తేలాలి.

నేను డాక్టర్ని కాను. చివరి మాట మీ డాక్టర్‌దే. కానీ ఆ గదిలో కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిసి ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది, అందుకే రాస్తున్నాను.

అసలు లోపల ఏం జరుగుతోంది

కంటి వెనక నుంచి మెదడు వైపు వెళ్లే ఈ నరం సుమారు 5 సెంటీమీటర్ల పొడవుంటుంది, అందులో పది లక్షలకి పైగా సన్నటి పోగులు ఉంటాయి. కరెంటు తీగకి ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే ఈ పోగులకీ మైలిన్ అనే పూత ఉంటుంది. మన రోగనిరోధక శక్తే దారి తప్పి ఆ పూత మీద పడితే నరం వాస్తుంది, చూపు సంకేతాలు ఆలస్యంగానో, అసలే అందకుండానో పోతాయి. దీన్నే ఆప్టిక్ న్యూరైటిస్ అంటారు. చూపు కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల్లో మసకబారుతూ వస్తుంది, ఎక్కువమందికి కన్ను కదిపితే నొప్పి ఉంటుంది, రంగులు వెలిసిపోతాయి.

రంగుల సంగతి నాకు ఎలా తెలిసిందంటే, రాస్తూ రాస్తూ ఎర్ర పెన్ను మూత పక్కన పెట్టాను. కుడి కన్ను మూసి చూస్తే అది ఎరుపు కాదు, పదిసార్లు ఉతికి ఎండలో ఆరేసిన గుడ్డలా, గులాబీకీ గోధుమరంగుకీ మధ్య ఏదోలా ఉంది. ఎడమ కన్ను మూసి చూస్తే మామూలు ఎరుపే. అదే మూత, అదే టేబుల్. అప్పటిదాకా కళ్లు అలిసిపోయాయి అనుకుంటున్నవాణ్ని అక్కడ భయపడ్డాను.

అంతకు రెండు రోజుల ముందు ఒక చోట చూపించుకుంటే కళ్లు పొడిబారాయని చుక్కల మందు ఇచ్చి పంపారు. ఈ జబ్బులో అలా జరగడానికి ఒక కారణం ఉంది. మూడింట రెండు వంతుల మందిలో వాపు కంటి గుడ్డు వెనక, నరం లోతులో ఉంటుంది కాబట్టి ముందు నుంచి లెన్స్ పెట్టి చూస్తే అంతా శుభ్రంగా కనపడుతుంది. దొరికేది టార్చి లైటుతో. లైటు ఒక కంటి మీంచి ఇంకో కంటి మీదకి మారుస్తూ చూస్తే, వాచిన నరం ఉన్న వైపుకి లైటు రాగానే కంటిపాప చిన్నదవ్వాల్సింది పోయి పెద్దదవుతుంది. అర నిమిషం పట్టే పరీక్ష ఇది. చూపు తగ్గింది, నొప్పి ఉంది అని మీరు చెప్తే ఈ టార్చి పరీక్ష, రంగుల పుస్తకం చదివించడం, చుట్టుపక్కల చూపు ఎంతవరకు ఉందో కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేశారా లేదా చూసుకోండి. చెయ్యకపోతే మొహమాటపడకుండా అడగండి. కళ్లద్దాలు మారిస్తే పోయే సమస్య కాదిది.

ముందు తేలాల్సింది: మామూలు రకమా, కాదా

మామూలు రకం ఇలా ఉంటుంది. వయసు సుమారు ఇరవై నుంచి నలభై ఐదు మధ్య, మగవాళ్ల కంటే ఆడవాళ్లకి ఎక్కువ, ఒక్క కన్నే, కదిపితే నొప్పి, చూపు వారం పది రోజులపాటు తగ్గుతూ పోయి ఆగుతుంది, మూడు వారాలు తిరిగేసరికి ఎంతో కొంత మెరుగు మొదలవుతుంది. నాది అచ్చం ఇదే.

అక్కది అలా కాదు. ఒకే వారంలో రెండు కళ్లూ పట్టుకున్నాయి, లైటు వేశారా ఆర్పారా అన్నది కూడా తెలియనంతగా. అంతకు నెల ముందు ఆమెకి పది రోజులపాటు ఆగని ఎక్కిళ్లు, వాంతులు వచ్చాయి, గ్యాస్ట్రిక్ అని మందులు వాడింది. ఆ ఎక్కిళ్లకీ ఈ కళ్లకీ సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికి తడుతుంది? కానీ న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే జబ్బులో మెదడు కింది భాగంలో వాంతులని అదుపు చేసే చోటు కూడా వాస్తుంది, ఎక్కిళ్లూ వాంతులూ అక్కడి నుంచే వస్తాయి. చూపు పోవడానికి వారాలు, నెలల ముందు మీకు అలాంటిదేమైనా జరిగి ఉంటే డాక్టర్ అడగకపోయినా చెప్పండి.

ఇంకా ఇవి ఉంటే మామూలు రకం అనుకోకూడదు: రెండు కళ్లూ ఒకేసారి, నొప్పి అసలు లేకపోవడం, చూపు దాదాపు పూర్తిగా పోవడం, వయసు యాభై దాటడం లేదా చిన్నపిల్లలు కావడం, కాళ్లలో బలం తగ్గడం, ఒంట్లో మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం, మూడు వారాలైనా ఏ మెరుగూ లేకపోవడం, స్టెరాయిడ్ తగ్గించగానే చూపు మళ్లీ పడిపోవడం. ఇందులో ఒక్కటి ఉన్నా "ఆగి చూద్దాం" అని ఎవరైనా అంటే ఎందుకు ఆగాలో గట్టిగా అడగండి, వీలైతే నరాల డాక్టర్ ఉన్న పెద్దాసుపత్రికి అదే రోజు వెళ్లండి.

న్యూరైటిస్ కాకుండా దానిలా కనపడేవీ ఉన్నాయి, వీటిలో వైద్యం పూర్తిగా వేరు. యాభై దాటిన వాళ్లలో పొద్దున లేచేసరికి నొప్పి లేకుండా ఒక కంట్లో పైభాగమో కింది భాగమో తెర కట్టినట్టు పోతే అది నరానికి రక్తం అందకపోవడం కావచ్చు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. అదే వయసులో కొత్తగా తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, తల దువ్వుకుంటే మాడు నొప్పి తోడైతే అది రక్తనాళాల వాపు కావచ్చు, దానికి గంటల్లో స్టెరాయిడ్ పడాలి, లేకపోతే రెండో కన్ను కూడా పోవచ్చు. కుర్రవాళ్లలో నొప్పి లేకుండా ముందు ఒక కన్ను, కొన్ని వారాలకి రెండోది పోతే తల్లి వైపు నుంచి వచ్చే లెబర్ జబ్బుని అనుమానిస్తారు. టీబీకి వాడే ఇథాంబ్యుటాల్ వల్ల రెండు కళ్లలో మెల్లగా రంగులు, చూపు తగ్గొచ్చు. కల్తీ సారాలో ఉండే మిథనాల్ ఒక్క రోజులోనే చూపు తీసేయగలదు. మీరు వాడే మందులన్నీ, పాతవీ కొత్తవీ, కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

మామూలు రకంలో: ఎక్కించుకోవడమా, ఆగడమా

ఈ ప్రశ్నకి జవాబు చాలావరకు ఒకే ఒక పెద్ద పరిశోధన నుంచి వచ్చింది. 1988లో అమెరికాలో మొదలైన ఆప్టిక్ న్యూరైటిస్ ట్రీట్‌మెంట్ ట్రయల్‌లో 457 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి మూడు రోజులు చేతి రక్తనాళంలోకి మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, రోజుకి మొత్తం 1000 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 11 రోజులు ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు. రెండో గుంపుకి బరువుకి తగ్గట్టు కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున 14 రోజులు మాత్రలే. మూడో గుంపుకి మందు లేని ఉత్త బిళ్లలు. 1992లో ఫలితాలు వచ్చాక ఈ జబ్బుకి వైద్యం చేసే పద్ధతే మారిపోయింది.

రక్తనాళంలోకి ఎక్కించిన వాళ్లకి చూపు త్వరగా వచ్చింది, ఆ తేడా మొదటి రెండు వారాల్లో బాగా కనపడింది. కానీ ఏడాది తిరిగేసరికి చార్టు మీద అక్షరాలు చదవడంలో మూడు గుంపులూ దాదాపు ఒక్కటే, 90 శాతానికి పైగా మందికి 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం) లేదా అంతకన్నా మంచి చూపు వచ్చింది. మందు తీసుకోని వాళ్లతో సహా. ఇది చదివినప్పుడు నాకు ఆ డాక్టర్ మాట మీద కోపం పోయింది.

అంటే మామూలు రకంలో మీరు ఎంచుకుంటున్నది ఆరు నెలల తర్వాతి చూపుని కాదు, రాబోయే నెల రోజుల్ని. అలా పెట్టుకుంటే ఎంపిక చాలా తేలికవుతుంది.

రెండో కన్ను ఇదివరకే బలహీనంగా ఉంటే, బండి నడపడమో సూక్ష్మమైన పని చెయ్యడమో మీ బతుకుతెరువైతే, నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే ఎక్కించుకోవడం వైపే మొగ్గండి, నొప్పి అయితే చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే తగ్గుతుంది. షుగర్ అదుపులో లేకపోతే, కడుపులో పుండు ఉంటే, స్టెరాయిడ్‌తో ఇదివరకు మనసు బాగా అతలాకుతలమై ఉంటే, ఒంట్లో ఏదైనా ఇన్ఫెక్షన్ నడుస్తుంటే, రెండో కన్ను చక్కగా ఉండి రోజువారీ పని సాగుతుంటే ఆగడం పూర్తిగా న్యాయమైన నిర్ణయం, ఎవరూ మిమ్మల్ని నిర్లక్ష్యం అనకూడదు. ఆగడం అంటే ఇంట్లో కూర్చోవడం మాత్రం కాదు. స్కాన్ చేయించుకోవాలి, రెండు మూడు రోజులకోసారి చూపు ఎలా ఉందో గమనించాలి, దిగజారుతుంటే వెంటనే వెళ్లాలి. మందు వద్దనుకున్నవాళ్లు కూడా మూడో వారం తేదీని ముందే రాసిపెట్టుకోవాలి.

నేను ఎక్కించుకున్నాను. రోజంతా స్క్రీన్ చూసే పని నాది, ఒక కన్నుతో నాలుగు వారాలు లాగడం నా వల్ల కాదనిపించింది. మొదటి రోజు నోట్లో ఇనుము నాకిన రుచి, రెండో రాత్రి అస్సలు నిద్ర లేదు, తెల్లవారుజామున మూడింటికి లేచి అలమారా సర్దాను, మొహం ఎర్రగా కందిపోయింది, మూడో రోజు ఎందుకో తెలియకుండా ఏడుపు వచ్చింది. ఇవన్నీ స్టెరాయిడ్ వల్ల అని ముందే చెప్పి ఉంటే అంత బెదిరేవాణ్ని కాదు. పొద్దున పూట ఎక్కిస్తే నిద్ర కొంచెం నయం, అడిగి చూడండి. షుగర్ ఉన్నవాళ్లు ఆ మూడు రోజులూ చూసుకుంటూనే ఉండాలి, లేనివాళ్లకి కూడా పెరగొచ్చు. అరుదుగా తుంటి ఎముకకి రక్తం తగ్గి దెబ్బతినే ప్రమాదం ఉంది, తర్వాత నెలల్లో గజ్జల్లో నొప్పి వస్తే తేలిగ్గా తీసుకోవద్దు.

డ్రిప్పా, మాత్రలా: ఇక్కడ జాగ్రత్త

ఈ భాగం ఒక్కటైనా గుర్తుంచుకోండి. ఆ పరిశోధనలో తక్కువ మోతాదు మాత్రలు మాత్రమే వేసుకున్న గుంపుకి చూపు త్వరగానూ రాలేదు, పైగా రెండేళ్లలో 30 శాతం మందికి జబ్బు మళ్లీ వచ్చింది, మిగతా రెండు గుంపుల్లో దాదాపు అందులో సగం మందికే. ఏ మందూ లేకపోవడం కంటే కూడా చెడ్డ ఫలితం. ఎందుకు అలా అయిందో ఎవరూ కచ్చితంగా తేల్చలేదు, కానీ మామూలు రకం న్యూరైటిస్‌కి మొదటి వైద్యంగా కిలోకి 1 మిల్లీగ్రాము ప్రెడ్నిసోన్ మాత్రలు రాయకూడదు అని అప్పటి నుంచి అందరూ ఒప్పుకున్నారు. అయినా ఇప్పటికీ "ఇంజెక్షన్ ఎందుకు, చిన్న డోసు మాత్రలు వాడండి, ఏం కాదు" అనేవాళ్లు తగులుతూనే ఉంటారు. చిన్న డోసు కదా భద్రం అని మనకీ అనిపిస్తుంది. మీకు రాసిన చీటీలో నేరుగా 40, 60 మిల్లీగ్రాముల మాత్రలతో మొదలుపెట్టి ఉంటే, ముందు డ్రిప్ ఎందుకు వద్దనుకున్నారో అడగకుండా వేసుకోవద్దు. డ్రిప్ అయ్యాక కొన్నాళ్లు ఇచ్చే మాత్రలు వేరే సంగతి, వాటిని మధ్యలో మానకూడదు.

పెద్ద డోసు మాత్రల సంగతి ఇంకో రకం. 2018లో కెనడా వాళ్లు ప్రచురించిన ఒక చిన్న పరిశోధనలో 55 మందిలో కొందరికి 1000 మిల్లీగ్రాముల డ్రిప్, కొందరికి దానికి సమానమైన 1250 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోన్ మాత్రలు ఇచ్చి చూస్తే ఆరు నెలలకి తేడా కనపడలేదు. 1250 అంటే 50 మిల్లీగ్రాముల బిళ్లలు రోజుకి 25. మింగడం కష్టమే, కడుపు కూడా తట్టుకోవాలి, కానీ ఆసుపత్రి దూరమై మూడు రోజులు తిరగలేని వాళ్లకి, చేతికి రక్తనాళం దొరకని వాళ్లకి ఇది నిజమైన దారి. పరిశోధన చిన్నది కాబట్టి రెండూ అందుబాటులో ఉన్నప్పుడు నేనైతే డ్రిప్ వైపే ఉంటాను, అక్కడ బీపీ, షుగర్ చూసే మనిషి పక్కనే ఉంటారు కదా. ఏదైనా సొంతంగా డోసు లెక్క కట్టుకుని మింగేది మాత్రం కాదు.

ఎమ్మారై ఇప్పుడా, తర్వాతా

చాలామంది స్కాన్ దగ్గర ఆగిపోతారు, అదీ ఖర్చు కోసం కాదు, ఏం బయటపడుతుందో అని. నాకు ఆ భయం బాగా తెలుసు. కంటి నరం వాపు కొందరిలో మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) అనే మెదడు, వెన్ను జబ్బుకి మొదటి గుర్తు. ఇందాకటి పరిశోధనలో పాల్గొన్నవాళ్లని 15 ఏళ్లు గమనిస్తే మొత్తం మీద సగం మందికి అది వచ్చింది. కానీ ఆ సగం అనే అంకె మీకు గానీ నాకు గానీ పనికిరాదు. మొదటి రోజు స్కాన్‌లో మెదడులో మచ్చలు ఏవీ లేనివాళ్లలో 25 శాతం మందికే వచ్చింది, ఒక్క మచ్చ అయినా ఉన్నవాళ్లలో 72 శాతం మందికి వచ్చింది. మీరు ఈ రెండింటిలో ఎటువైపో చెప్పేది ఆ స్కాన్ ఒక్కటే.

నా సలహా సూటిగా: చేయించుకోండి, ఈ వారంలోనే. ఆ పరిశోధన నాటికి ఎం.ఎస్. మందులు లేవు, ఇప్పుడు ఉన్నాయి, త్వరగా మొదలుపెడితే తర్వాతి దాడులు తగ్గుతాయి. మెదడుకి మాత్రమే కాకుండా కంటి గూళ్లకి కూడా, కాంట్రాస్ట్ మందు ఇచ్చి, కొవ్వు కనపడకుండా చేసే పద్ధతిలో తీయమని చీటీలో ఉందో లేదో చూసుకోండి, ఒట్టి మెదడు స్కాన్‌లో కంటి నరం సరిగ్గా కనపడదు. నరంలో వాపు ఎంత పొడవున ఉంది, వెనక రెండు నరాలు కలిసే చోటు దాకా పాకిందా అనేదాన్ని బట్టి కూడా రకం తెలుస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఒంట్లో పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. స్కాన్ ఆలస్యమైతే స్టెరాయిడ్ దానికోసం ఆపాల్సిన పని మాత్రం లేదు.

వెన్ను నుంచి నీరు తీసి చేసే పరీక్ష అందరికీ అక్కర్లేదు. స్కాన్ అటూ ఇటూ కాకుండా ఉన్నప్పుడో, రకం మీద అనుమానం ఉన్నప్పుడో అడుగుతారు.

రక్తంలో యాంటీబాడీలు: అందరికీనా, కొందరికేనా

యాంటీబాడీలంటే రోగనిరోధక శక్తి తయారుచేసే ప్రోటీన్లు, ఇక్కడ దారి తప్పి మన ఒంటి మీదే పడేవి. చూడాల్సినవి రెండున్నాయి. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ, మాగ్ (MOG) యాంటీబాడీ. మొదటిది న్యూరోమైలైటిస్ ఆప్టికాకి గుర్తు, 2004లో బయటపడింది, అంతకు ముందు ఆ జబ్బుని ఎం.ఎస్.లో ఒక రకం అనుకునేవాళ్లు. ఆ పొరపాటు ఎంత ఖరీదైనదంటే, ఎం.ఎస్.కి మేలు చేసే కొన్ని మందులు, ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్, నాటలిజుమాబ్ లాంటివి, న్యూరోమైలైటిస్ ఉన్నవాళ్లకి జబ్బుని ఇంకా రెచ్చగొట్టగలవు. కాబట్టి ఎం.ఎస్. మందు మొదలుపెట్టే ముందు ఏమాత్రం అనుమానం ఉన్నా ఈ పరీక్ష అయి తీరాలి.

మామూలు రకం అని గట్టిగా తెలుస్తూ, స్కాన్‌లో ఎం.ఎస్. మచ్చలు స్పష్టంగా ఉంటే చాలామంది డాక్టర్లు ఈ పరీక్ష అవసరం లేదంటారు, అది సబబే. పైన చెప్పిన అనుమానం లక్షణాల్లో ఒక్కటున్నా చేయించుకోవాలి. చిన్నపిల్లలకి, రెండు కళ్లూ పట్టుకున్నవాళ్లకి, లోపల నరం మొదలు బాగా ఉబ్బి కనపడినవాళ్లకి మాగ్ కూడా తప్పనిసరి. సెల్-బేస్డ్ అస్సే అనే పద్ధతిలో చేసే ల్యాబ్‌నే అడగండి, మిగతా పద్ధతుల్లో తప్పు ఫలితాలు ఎక్కువ. ఇంకో చిన్న విషయం, రక్తం వీలైతే స్టెరాయిడ్ మొదలుకాక ముందే తీయించాలి, ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవ భాగాన్ని మార్చడం, కింద చెప్తాను) చేస్తుంటే తప్పకుండా ముందే. ఆ ఫలితం రావడానికి రోజులు పడుతుంది, అప్పటిదాకా వైద్యం ఆపకూడదు.

మాగ్ వచ్చినవాళ్లలో చాలామందికి స్టెరాయిడ్ అద్భుతంగా పనిచేస్తుంది, కొన్ని రోజుల్లోనే చూపు లేచి కూర్చుంటుంది, కానీ తొందరగా ఆపేస్తే అంతే త్వరగా పడిపోతుంది. అందుకే వాళ్లకి మాత్రలు వారాల తరబడి మెల్లగా తగ్గిస్తారు. బాగైపోయింది కదా అని మధ్యలో మానేసి మళ్లీ చీకట్లోకి వెళ్లినవాళ్లు ఎక్కువగా ఈ రకం వాళ్లే.

స్టెరాయిడ్ పనిచెయ్యకపోతే: ఇంకో విడత ఎక్కించడమా, ప్లాస్మా మార్పిడా

అక్కకి మూడు రోజులు డ్రిప్ అయినా చెయ్యి ఊపితే తెలిసేది కాదు. ఇంకో రెండు రోజులు అదే మందు ఇచ్చి చూద్దాం అని ఒక డాక్టర్, వెంటనే ప్లాస్మా మార్పిడి మొదలుపెడదాం అని ఇంకో డాక్టర్. ఆ పూట బావ ఆసుపత్రి వరండాలో నాకు ఫోన్ చేసి "ఏం చెయ్యమంటావురా" అన్నప్పుడు నా దగ్గర ఉన్న సమాధానం ఒకటే, ఎవరు ముందు చెయ్యగలిగితే వాళ్ల దగ్గరికి వెళ్దాం బావా అన్నాను.

ప్లాస్మా మార్పిడి అంటే రక్తాన్ని మెషిన్‌లోకి తీసి, యాంటీబాడీలు ఉన్న ద్రవ భాగాన్ని తీసేసి, వేరే ద్రవం కలిపి ఒంట్లోకి ఎక్కించడం. రోజు విడిచి రోజు ఐదు నుంచి ఏడు సార్లు చేస్తారు. మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టాల్సి రావొచ్చు, బీపీ పడిపోవడం, ఇన్ఫెక్షన్, కాల్షియం తగ్గి వేళ్లు తిమ్మిర్లు ఎక్కడం లాంటి ఇబ్బందులుంటాయి. మామూలు రకానికి ఇది అనవసరం. కానీ న్యూరోమైలైటిస్ అనుమానం ఉండి చూపు బాగా పోయినవాళ్లలో ఎంత ముందుగా చేస్తే అంత చూపు మిగులుతుందని ఒకటికి నాలుగు చోట్ల తేలింది. వారం ఆగి చేసినదానికీ, మొదటి రోజుల్లో చేసినదానికీ చాలా తేడా. అందుకే రెండో విడత స్టెరాయిడ్‌తో వారం గడపడం కంటే మార్పిడి చెయ్యగల చోటుకి కదలడమే మంచిది, నా ఉద్దేశంలో ఇందులో తటపటాయింపు అక్కర్లేదు. అక్కకి కుడి కన్ను చదువుకునేంత వచ్చింది, ఎడమది వెలుతురు తెలిసే దగ్గరే ఆగింది.

ఆక్వాపోరిన్ పాజిటివ్ వచ్చాక ఇంకో ఎంపిక మిగలదు, మళ్లీ దాడి రాకుండా మందు ఏళ్ల తరబడి వాడాల్సిందే. రిటుక్సిమాబ్, మైకోఫినోలేట్, అజాథియోప్రిన్ పాతవి. 2019 నుంచి ఎకులిజుమాబ్, ఇనెబిలిజుమాబ్, సాట్రలిజుమాబ్ ఈ జబ్బుకి అనుమతి పొందాయి. ఏది అనేది మీ వయసు, పిల్లలు కనే ఆలోచన, ఇన్ఫెక్షన్ చరిత్ర, అందుబాటు చూసి నరాల డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాలి.

కంటి డాక్టరా, నరాల డాక్టరా

ఇద్దరూ కావాలి. పట్టుకోవడం, చూపు కొలవడం కంటి డాక్టర్ పని, తర్వాతి ఏళ్లు నరాల డాక్టర్‌వి. కంటి నరాల జబ్బులే చూసే న్యూరో-ఆఫ్తాల్మాలజిస్ట్ దొరికితే అదృష్టం. విటమిన్ మాత్రలు, కంటి వ్యాయామాలు నరం వాపుని తగ్గించవు. బి12 నిజంగా తక్కువుంటే వేసుకోవాలి, లేకపోతే దాని మీద ఆశ పెట్టుకుని స్కాన్ వాయిదా వెయ్యొద్దు.

చూపు వచ్చాక కూడా

చార్టు మీద చివరి వరుస చదివేసినా పూర్తిగా పాత కన్ను కాదని చాలామందికి అనిపిస్తుంది, అది భ్రమ కాదు. మసక వెలుతురులో మెట్లు సరిగ్గా తెలియకపోవడం, రంగులు కొంచెం మాసినట్టుండటం మిగలొచ్చు. వేడినీళ్ల స్నానం చేసినప్పుడో, పరుగెత్తినప్పుడో, జ్వరం వచ్చినప్పుడో చూపు మసకబారి, ఒళ్లు చల్లబడగానే తిరిగొస్తే దాన్ని ఉథాఫ్ లక్షణం అంటారు, 1890లో జర్మన్ డాక్టర్ విల్హెల్మ్ ఉథాఫ్ రాశాడు. అది కొత్త దాడి కాదు. మొదటిసారి నాకు మెట్లెక్కి వచ్చాక అలా అయినప్పుడు మళ్లీ మొదలైందనుకుని చెమటలు పట్టాయి, ఇరవై నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చుంటే పోయింది. చల్లబడినా పోకుండా, ఒక రోజు దాటినా అలాగే ఉండి, నొప్పి కూడా తోడైతే అప్పుడు మాత్రం వెళ్లాలి.

మీరు డ్రిప్ ఎంచుకున్నా, ఆగి చూడటం ఎంచుకున్నా ఇంట్లో చెయ్యాల్సింది ఒకటుంది. ఏదైనా ఎర్రటి వస్తువు ఒకటి పెట్టుకోండి, రోజూ ఒకే వేళకి, ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి, ఒక్కో కన్ను అరచేత్తో పూర్తిగా మూసి చూడండి, వేళ్ల సందుల్లోంచి కాదు. మంచి కంటికి ఆ ఎరుపు నూరు పైసలైతే, జబ్బు కంటికి ఎన్ని పైసలు అని మీకు మీరే అంకె వేసుకుని తేదీతో రాయండి. గోడ మీద ఒక క్యాలెండర్ పేజీలో చిన్న అక్షరాలు ఎంతవరకు చదవగలిగారో అదీ రాయండి. నా కాగితంలో నాలుగో రోజు 20, తొమ్మిదో రోజు 45, ఇరవై రెండో రోజు 80 ఉంది. అంకె రెండు రోజులు వరసగా పడిపోయినా, మూడు వారాలకి కదలకపోయినా ఆ కాగితం పట్టుకుని వెళ్లండి, ఎప్పటి నుంచి ఎలా ఉందో నోటితో చెప్పడం కంటే అది చూపిస్తే డాక్టర్ రెండు నిమిషాల్లో నిర్ణయం తీసుకుంటారు.